తోటలో కూర్చుంటే టైమ్ వేస్టా?

ప్రశ్న: మాకు పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. పిల్లలు హాస్టల్లో ఉంటున్నారు. అందుకని ఈమధ్య ఏడాదికి ఒకటి రెండుసార్లు మేమిద్దరమే ఏదో ఒక సిటీకి వెళ్లి మూడు నాలుగు రోజులు ఉండి వస్తున్నాం. ఇద్దరికీ ఇష్టమైనవి మూడే: మంచి భోజనం, తోటలు, నడక. అయినా ప్రతిసారీ ఒళ్లు హూనం చేసుకుని, ముఖాలు ముడుచుకుని ఇల్లు చేరతాం. మావారు ఫోన్‌లో 'తప్పక చూడాల్సిన 20' అని లిస్టు పెట్టుకుంటారు. తోటలో కాసేపు కూర్చుందామంటే 'ఇంత దూరం వచ్చింది కూర్చోవడానికా, టైమ్ వేస్ట్' అంటారు. ఆయనది వేగం నడక, నాది నెమ్మది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇద్దరికీ ఆకలి, ఆ వెంటే గొడవ. పోనీ లిస్టులోవి వదిలేద్దామంటే, తిరిగొచ్చాక 'అక్కడిదాకా వెళ్లి అది చూడలేదా?' అని నలుగురూ అడుగుతారని నాకూ గిల్టీగా ఉంటుంది. హాయిగా తిని, తిరిగి, కూర్చుని వచ్చేలా ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఇంకో సంగతి, ఈసారి మా ఆడపడుచు వాళ్లు కూడా వస్తామంటున్నారు. రమ్మనాలా?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట 'ఇద్దరికీ ఇష్టమైనవి మూడే' అన్నది. చాలామంది భార్యాభర్తలకు ఈపాటి సయోధ్య కూడా కుదరదు. ఒకరు షాపుల వెంట పడితే ఇంకొకరు కొండలెక్కుదామంటారు. మీకు ఇష్టాల దగ్గర పేచీ లేదు, వచ్చిన చిక్కల్లా ప్లాన్ దగ్గరే. లిస్టులోని ఇరవై చోట్లనూ ముందు సర్దేసి, భోజనాన్నీ తోటనూ నడకనూ వాటి మధ్య మిగిలిన సందుల్లో ఇరికిస్తున్నారు. అలా ఇరికించిన భోజనం ఎలా ఉంటుంది? దొరికిన చోట దొరికింది తినడమే. తోట అంటే ఈ గేటులోంచి దూరి ఆ గేటులోంచి బయటపడటం. నడక అంటే ఒక క్యూ నుంచి ఇంకో క్యూకి పరుగు. మీకు బాగా ఇష్టమైన మూడే ట్రిప్ మొత్తంలో నాసిరకంగా జరుగుతున్నాయన్నమాట.

కాబట్టి వరస తిరగేయండి. రోజుకి ఒక తోట, ఒక మంచి భోజనం, ఒక నడక. ముందు వీటికి టైము, చోటు ఖాయం చేసుకోండి. పేరున్న కట్టడాలు, మ్యూజియంలు మిగిలిన టైములో పడితే పడతాయి, లేకపోతే లేదు. మీవారి లిస్టు పారేయమనడం లేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ ఒళ్లు హూనమయ్యే సంగతి. మీరిద్దరూ నడవగలిగినవాళ్లే, నడక ఇష్టమున్నవాళ్లే. అలసట అసలు నడక వల్ల రావడం లేదేమో చూసుకోండి. కట్టడాలూ మ్యూజియంలూ చూసేటప్పుడు మనం నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. రెండడుగులు వేసి ఆగుతాం, మెడ ఎత్తి చూస్తాం, మళ్లీ రెండడుగులు. నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఊరికే నిలబడితే ఆ పని మందగించి కాళ్లు బరువెక్కుతాయి. తోటలో గంట నడిచినా ఏమీ అనిపించని మనిషికి గంటసేపు బొమ్మల ముందు నిలబడితే నడుము పట్టేసేది ఇందుకే. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే ఈ 'మ్యూజియం అలసట' మీద వ్యాసం రాశాడు. అద్దాల బీరువాల్లోని వస్తువులు చూడటానికి మనిషి ఎలా వంగాల్సి వస్తోందో, ఎలా మెడ తిప్పాల్సి వస్తోందో ఫోటోలు తీయించి మరీ చూపించాడు. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. అలాంటివి రోజుకి ఐదారు పెట్టుకుంటే సాయంత్రానికి ఎవరి ముఖమైనా ముడుచుకుపోతుంది.

ఇక హోటల్. నన్నడిగితే సగం ట్రిప్ గది బుక్ చేసిన రోజే తేలిపోతుంది. చాలామంది స్టేషన్ దగ్గరో, పేరున్న కట్టడం దగ్గరో చూసుకుంటారు. మీరు మ్యాప్‌లో ముందు పెద్ద పచ్చటి ముక్క ఎక్కడుందో చూడండి. దాని గేటుకి పది పదిహేను నిమిషాల నడకలో గది తీసుకోండి. అప్పుడు పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని తోటలోకి వెళ్లిపోవచ్చు, దానికి బస్సులూ మెట్రోలూ అక్కర్లేదు. మధ్యాహ్నం తిన్నాక గదికి వచ్చి నడుం వాల్చవచ్చు. వాన పడితే పరిగెత్తుకు రావచ్చు. ఒకరికి ఓపిక అయిపోతే ఆ ఒక్కరే వచ్చేయవచ్చు, రెండోవారు మొహమాటానికి వెంట రానక్కర్లేదు. ఈ చివరి సౌకర్యం ఎన్ని గొడవలు ఆపుతుందో మీకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. తోట అంచు చూసి మోసపోకండి, గేటు ఎక్కడుందో చూడండి. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ 82 హెక్టార్లు. ఈ చివరి గేటు నుంచి ఆ చివరి గేటుకి రెండు కిలోమీటర్ల పైనే. గోడ పక్కనే గది దొరికిందని సంబరపడితే గేటు చుట్టూ తిరిగి వెళ్లాల్సిన చోట ఉండొచ్చు. ఎత్తుపల్లాలు కూడా అంతే. మ్యాప్ మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో కిలోమీటరూ, లిస్బన్‌లో కిలోమీటరూ ఒకేలా కనిపిస్తాయి. లిస్బన్‌లో అందులో సగం మెట్లూ, నిట్టనిలువు సందులూ కావచ్చు. మోకాళ్ల నొప్పులుంటే ఇది ముందే చూసుకోవాల్సిన సంగతి.

సిటీ ఎంచుకునేటప్పుడూ ఇదే లెక్క. తోట, తినే పేట, నడక దారి, మూడూ ఒకదానికొకటి కాలినడకలో అందుతున్నాయా? అందితే ఆ సిటీ మీలాంటివాళ్లకు సరిపోతుంది. ఎడిన్‌బరోలో 1670లో మొదలైన రాయల్ బొటానిక్ గార్డెన్ ఉంది, లోపలికి టికెట్ లేదు. దాని పక్క పేట స్టాక్‌బ్రిడ్జ్‌లో తినడానికి చిన్న చిన్న చోట్లు బోలెడు. అక్కడి నుంచి వాటర్ ఆఫ్ లీత్ అనే చిన్న నది ఒడ్డునే డీన్ విలేజ్ దాకా నడిచిపోవచ్చు. రోజంతా బస్సెక్కే పని లేదు. సిడ్నీలో 1816 నాటి రాయల్ బొటానిక్ గార్డెన్ ఒపెరా హౌస్‌ను ఆనుకునే ఉంటుంది, నీళ్ల పక్కనే నడుస్తూ వెళ్తే 'తప్పక చూడాల్సింది' దానంతటదే ఎదురొస్తుంది. జపాన్‌లో కనజవా ఊరు ఇంకా సులువు. కెన్‌రొకు-ఎన్ అనే తోట, దాని ఎదురుగానే కోట, అక్కడి నుంచి కొంచెం నడిస్తే ఒమిచో బజారు. మూడు రోజులకు రాజధానుల కంటే ఇలాంటి ఊళ్లే మేలని నా అభిప్రాయం.

రోజు ఎలా ఉంటుందో చెప్పడానికి మాడ్రిడ్‌ను తీసుకుందాం. పెద్ద సిటీయే కానీ మీకు కావాల్సినవన్నీ ఒక్కచోటే ఉన్నాయి. నడిబొడ్డున రెటీరో పార్కు, సుమారు 125 హెక్టార్లు. పొద్దున 6 గంటలకే గేట్లు తీస్తారు. (గాలి గట్టిగా వీస్తే మాత్రం చెట్ల కొమ్మలు విరిగిపడతాయని పార్కు మూసేస్తారు, అలాంటి రోజుకి ఇంకో దారి అనుకుని ఉంచుకోండి.) దానికి దగ్గర్లోనే రాయల్ బొటానికల్ గార్డెన్, దాన్ని ఆనుకుని ప్రాడో మ్యూజియం. చల్లటి పూట రెటీరోలో మీవారు తన వేగంతో, మీరు మీ వేగంతో తిరగండి. మధ్యలో ఏదైనా కాఫీ, టిఫిన్. పదింటి తర్వాత బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి నీడ చూసుకుని కూర్చోండి. అక్కడివాళ్ల మధ్యాహ్న భోజనం రెండింటికి. పనిరోజుల్లో చాలా రెస్టారెంట్లలో 'మెనూ దెల్ దియా' అని పెడతారు. మొదటి వంటకం, రెండో వంటకం, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర్లో స్వీటో కాఫీనో, అన్నిటికీ కలిపి ఒకటే ధర. రాత్రిపూట అవే విడివిడిగా తెప్పించుకుంటే బిల్లు బాగా పెరుగుతుంది. తిన్నాక గదికి వెళ్లి నిద్రపోండి. నిజంగానే నిద్రపోండి, ఫోన్ చూస్తూ పడుకోవడం కాదు.

సాయంత్రం మీవారి లిస్టుకి కేటాయించండి. ప్రాడోలో సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు ప్రవేశం ఉచితం, ఆదివారమైతే 5 నుంచి 7. క్యూ ఉంటుంది కానీ త్వరగానే కదులుతుంది. స్పెయిన్ చిత్రకారులు వెలాస్కెజ్, గోయాల బొమ్మలున్న గదులు చూసి వచ్చేయండి. టికెట్ కొనలేదు కాబట్టి 'డబ్బులిచ్చాం కదా, అన్నీ చూడాలి' అన్న పట్టుదల ఉండదు. బయటికొచ్చి అరగంట నడిస్తే రాత్రి భోజనం టైము అవుతుంది, అక్కడ అది తొమ్మిదికి. ఏడింటికే ఆకలేస్తోందని వెళ్తే చాలాచోట్ల పొయ్యి వెలిగించి ఉండదు. ఈ రోజులో మీరు చూసింది రెండు తోటలు, ఒక మ్యూజియం. కూర్చున్నారు, తిన్నారు, పడుకున్నారు కూడా.

మధ్యాహ్నం మూడింటికి వచ్చే మీ గొడవ చాలావరకు ఈ గడియారం దగ్గరే మొదలవుతోంది. ప్రతి సిటీకీ ఒక భోజనాల వేళ ఉంటుంది. స్పెయిన్‌లో రెండుకీ తొమ్మిదికీ తింటే, ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం రెండు దాటాక చాలాచోట్ల వంట కట్టేస్తారు. మన కడుపు మన టైముకే అరుస్తుంది కదా. ఆ రెండిటికీ మధ్య తేడా ఎంతో వెళ్లకముందే చూసుకుని, దాన్ని పూడ్చడానికి బ్యాగులో పప్పులో, పళ్లో పెట్టుకోండి. ఆదివారం రాత్రి, సోమవారం మూసేసే రెస్టారెంట్లు యూరప్ సిటీల్లో చాలా ఉంటాయి, వారాంతపు ట్రిప్ అయితే మంచి భోజనం శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోవడం క్షేమం.

ఫుట్‌పాత్ మీద ఈ దృశ్యం మీకూ తెలిసే ఉంటుంది. ఒక జంట నిలబడి ఉంటుంది. ఇద్దరి చేతుల్లో ఫోన్లు. ఒకరు '4.3 ఉంది' అంటారు, ఇంకొకరు 'కానీ రివ్యూల్లో సర్వీసు బాగోలేదన్నారు' అంటారు. ఎదురుగా ఉన్న చోట బల్లలు నిండిపోతుంటాయి. పావుగంట అయ్యాక ఇద్దరూ ఇద్దరికీ నచ్చని మూడో చోటికి వెళ్తారు. ఆకలేశాక వెతికితే ఇంతే. మధ్యాహ్నం ఎక్కడ తినాలో పొద్దున కాఫీ దగ్గరే తేల్చుకోండి. ఒక చోటు, అది నిండిపోయి ఉంటే పక్కనే ఇంకో చోటు. అక్కడితో ఫోన్ లోపల పెట్టేయాలి. ఎంచే పని రోజు మార్చి రోజు ఒకరిది. ఒకరు ఎంచిన రోజు రెండోవారు వంకలు పెట్టకూడదు, బాగాలేకపోయినా సరే.

ట్రిప్ మొత్తానికి ఒక్క భోజనం ముందుగా బుక్ చేసుకుంటే చాలు. అది మధ్యాహ్నమే అయితే మరీ మంచిది. పేరున్న రెస్టారెంట్లు చాలావాటిలో లంచ్ ధర డిన్నర్ కంటే తక్కువ, వంటవాళ్లు మాత్రం వాళ్లే. పైగా మధ్యాహ్నం బాగా తింటే రాత్రికి ఏ సూపుతోనో సరిపెట్టుకోవచ్చు, నిద్ర బాగా పడుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒక్కసారే అన్నీ చెప్పకండి. ఇద్దరూ రెండు వేరు వేరు వంటకాలు తెప్పించుకుని పంచుకుని, ఇంకా ఆకలుంటే అప్పుడు మూడోది. తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది, మీ వయసువాళ్లకు ఇది పనికొచ్చే అలవాటే.

ఇప్పుడు అసలు తగువుకి వద్దాం, తోటలో కూర్చోవడం. కూర్చోవడం టైమ్ వేస్ట్ అనుకునే మనిషికి నిజానికి కూర్చోవడం రాదు. చేతికి పని లేకపోతే ఐదు నిమిషాలకే వాచీ చూసుకుంటారు. అందుకని మీవారిని కూర్చోమని బతిమాలకండి, చూడటానికి ఏదో ఒకటి ఇవ్వండి. తిండి ఇష్టమున్న మనిషి కాబట్టి నా సలహా: బొటానికల్ గార్డెన్ గ్లాస్‌హౌస్‌లోకి తీసుకెళ్లి, తినే మొక్కలు వెతకమనండి. పెద్ద తోటల్లో వేడి ప్రాంతాల మొక్కల కోసం అద్దాల గది దాదాపు ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే కళ్లజోడు మసకబారుతుంది, తడి మట్టి వాసన వస్తుంది. కోకో చెట్టు దగ్గర ఆగండి. కాయలు కొమ్మల చివర్న వేలాడవు, చెట్టు మొద్దుకే నేరుగా అతుక్కుని కాస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో తెచ్చి అంటించారనుకుంటారు. మిరియాల తీగ ఉంటుంది, ఆకులు తమలపాకుల్లా ఉంటాయి, రెండూ ఒకే కుటుంబం మరి. వెనీలా కూడా తీగే. అది ఆర్కిడ్ జాతిది, పువ్వు ఒక్క పూట విచ్చుకుని వాడిపోతుంది. పుట్టిన నేల మెక్సికో దాటి వేరేచోట నాటితే పువ్వులు పూసేవి కానీ కాయలు కాసేవి కావు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వులోపల పుప్పొడి అంటించే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ వెనీలా తోటల్లో ఒక్కో పువ్వుకీ చేత్తో చేసే పని అదే. ఆ రోజు భోజనంలో ఐస్‌క్రీమ్ వస్తే మీవారు ఈ కథ మీకే మళ్లీ చెబుతారు, చూడండి.

పెద్ద తోటనంతా చుట్టేయాలన్న ఆశ మాత్రం వదులుకోండి. లండన్‌లో క్యూ గార్డెన్స్ 130 హెక్టార్ల పైమాట. పొద్దున పదికి టికెట్ కొని సాయంత్రం దాకా నడిచినా ఏదో మిగులుతుంది. గేటు దగ్గర మ్యాప్ తీసుకుని రెండు చోట్లకి సున్నా చుట్టండి, మిగతాది లేదనుకోండి. లేకపోతే తోట కూడా లిస్టు అయిపోతుంది.

కూర్చోవడానికి అచ్చంగా తయారైన తోట కావాలంటే పారిస్‌లో లగ్జెంబర్గ్ గార్డెన్ ఉంది. అక్కడ బెంచీలతో పాటు ఆకుపచ్చ రంగు ఇనుప కుర్చీలు వందలకొద్దీ ఉంటాయి. వాటిని నేలకు బిగించరు. ఎవరికి కావాల్సిన చోటికి వాళ్లు లాక్కెళ్లవచ్చు. కంకర మీద కుర్చీ కాళ్లు గరగరలాడే చప్పుడు తోటంతా వినిపిస్తుంటుంది. మామూలు కుర్చీలున్నాయి, వెనక్కి వాలి కూర్చునే రకమూ ఉంది. ఒకప్పుడు వీటికి అద్దె వసూలు చేసేవారు, ఇప్పుడు ఉచితం. ఒక కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాళ్లు చాపుకున్నవాళ్లు, ఎండ జరిగినప్పుడల్లా కుర్చీ జరుపుకునేవాళ్లు, నీటికొలను చుట్టూ చేరి బొమ్మ పడవలు వదిలే పిల్లలు. ఇదంతా చూస్తూ గంట కూర్చుంటే ఆ సిటీ జనం ఎలా ఉంటారో కట్టడాల కంటే బాగానే తెలుస్తుంది. గేట్లు మూసే వేళ పొద్దును బట్టి మారుతుంది, చీకటి పడబోతుంటే కాపలావాళ్లు విజిల్ వేస్తూ అందరినీ బయటికి పంపుతారు.

నడక వేగం తేడా గురించి రాశారు. దీన్ని సరిచేయాలని చూడకండి. నెమ్మదిగా నడిచేవాళ్లు పరిగెత్తలేరు, వేగంగా నడిచేవాళ్లకు మెల్లగా నడవడం శిక్షలా ఉంటుంది. దానికి పనికొచ్చేది చుట్టుదారి. మెల్‌బోర్న్‌లో రాయల్ బొటానిక్ గార్డెన్స్ చుట్టూ 'ది టాన్' అని 3.8 కిలోమీటర్ల దారి ఉంది. మీవారు తన వేగంతో ఆ చుట్టు తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట పడుతుంది. ఆలోపు మీరు లోపల చెరువు దగ్గర మీ పాటికి మీరు ఉండొచ్చు. ప్రతి సిటీలోనూ ఇలాంటి చెరువు చుట్టో, పార్కు చుట్టో ఒకటి దొరుకుతుంది. రోజుకి ఒక గంట ఇలా విడివిడిగా గడపండి. మాట్లాడుకోవడానికి కొత్త కబుర్లు కూడా ఉంటాయి.

కలిసి నడవాలంటే తిన్నగా సాగే, బండ్లు తిరగని దారులు బాగుంటాయి. న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద 2009లో మొదలుపెట్టిన హై లైన్ సుమారు 2.3 కిలోమీటర్లు. దానికంటే ముందే, 1993లో, పారిస్‌లో బాస్టీల్ దగ్గర నుంచి పాత రైలు దారిని నాలుగున్నర కిలోమీటర్ల తోటగా మార్చారు. క్యోటోలో కాలువ గట్టు వెంట సాగే ఫిలాసఫర్స్ పాత్ రెండు కిలోమీటర్లు. నిషిదా కితారో అనే తత్వవేత్త రోజూ నడిచిన దారి కాబట్టి ఆ పేరు. చెర్రీ పూల రోజుల్లో అక్కడ అడుగు తీసి అడుగు వేయలేం, తెల్లవారగానే వెళ్తేనే నడక. ఇలాంటి చోట్ల నెమ్మదిగా నడిచే మనిషి వేగమే ఇద్దరి వేగం. బ్యాగు మాత్రం వేగంగా నడిచేవాళ్ల భుజానికి వేయండి, కాస్త సమానమవుతుంది. కొత్త చెప్పులు, కొత్త షూస్ ట్రిప్‌లో మొదలుపెట్టొద్దు. అంతకుమించి ఈ విషయంలో చెప్పేదేం లేదు.

ఏ నెలలో వెళ్లాలనేది పూలను బట్టే చూసుకోనక్కర్లేదు. పూల కోసం వెళ్తే జనం కూడా పూల కోసమే వస్తారు, గది ధర కూడా పెరుగుతుంది. పూలు లేని కాలంలో తోట ఆకారం బయటపడుతుంది. నేను చెప్పిన కనజవా తోటలో ఏటా నవంబరు 1 నుంచి పైన్ చెట్లకు తాళ్లు కట్టడం మొదలుపెడతారు. నిలువు గుంజ కొస నుంచి ఒక్కో కొమ్మకీ తాడు దిగుతుంది. మంచు బరువుకి కొమ్మలు విరగకుండా ఈ ఏర్పాటు. దాన్ని చూడటానికే చలికాలంలో వెళ్లేవాళ్లున్నారు.

ఇక మీవారి లిస్టు. లిస్టు రాయడం ఆయనకు సరదా, ఆ సరదా చెడగొట్టకండి. ఇరవై రాయనివ్వండి. ప్రతి పొద్దునా అందులోంచి ఒక్కటి ఆయనే ఎంచుకోవాలి, ఒక్కటే. ఎంచుకున్నది మీ ఇద్దరి తోటకి దగ్గర్లో ఉంటే మంచిది, లేకపోతే సాయంత్రానికి జరపండి. ఒకటే అన్నప్పుడు మనిషి పేరు చూసి కాక, నిజంగా ఏది చూడాలనుందో ఆలోచిస్తాడు. ఇరవైలో పదిహేను ఎవరో రాస్తే ఎక్కించినవేనని ఆయనకే తెలిసిపోతుంది. మిగిలినవి వచ్చేసారికి ఉంటాయి, కట్టడాలు ఎక్కడికీ పోవు.

'అది చూడలేదా?' అని అడిగేవాళ్ల గురించి మీరు ఎక్కువ దిగులు పడుతున్నారు. అడిగేవాళ్లు చాలామంది మీరు చూశారా లేదా అని అడగరు, తాము చూశామని చెప్పుకోవడానికి అడుగుతారు. 'లేదండీ, మీరు చూశారా, ఎలా ఉంది?' అని తిరిగి అడగండి. పావుగంట వాళ్లే చెబుతారు, మిమ్మల్ని ఇంకేం అడగరు.

ఆఖరిది, మీ ఆడపడుచు వాళ్లు. ఈ ట్రిప్‌కి వద్దు. వాళ్ల మీద కోపమేం లేదు. మీరిద్దరూ కొత్త పద్ధతి ఒకటి మొదలుపెడుతున్నారు, అది అలవాటు కాకముందే నలుగురు చేరితే రోజు మళ్లీ లిస్టు చేతికి వెళ్లిపోతుంది. నలుగురికీ ఒకేసారి ఆకలి వేయదు, నలుగురికీ ఒకే తోట నచ్చదు, ఎవరినీ నొప్పించకూడదని అందరూ ఎవరికీ ఇష్టం లేని చోటికి వెళ్తారు. కాదనలేని పరిస్థితి అయితే గదులు వేరు వేరు చోట్ల తీసుకోండి, రాత్రి భోజనానికి మాత్రం కలుసుకోండి, పగలు ఎవరి దారి వాళ్లది. వాళ్లతో కలిసి తిరగడానికి ఇంకో ట్రిప్ పెట్టుకోవచ్చు, దానికి మీవారి ఇరవై లిస్టు బాగా పనికొస్తుంది. ఈ మాట మాత్రం మీరు చెప్పకండి, మీవారి చేతే చెప్పించండి. ఆయన తోబుట్టువే కదా.